ఐదు రూపాయల స్టాంపు ఎక్కడ సరిపోతుంది, ఎక్కడ సరిపోదు

ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు పక్కనే ఉన్న పర్లాకిమిడిలో నాది చిన్న జిరాక్స్ షాపు. జిరాక్సుతో పాటు కవర్లు, పెన్నులు, రెవెన్యూ స్టాంపులు కూడా అమ్ముతాను కాబట్టి ఉత్తరం పోస్టు చేయబోయేవాళ్లలో సగం మంది ముందు నా దగ్గరే ఆగుతారు. తెలుగువాళ్లు "ఆంధ్రాకి ఎంత స్టాంపు అంటించాలి?" అంటారు, ఒడియావాళ్లు "కేతే టంకార టికట్?" (ఎన్ని రూపాయల స్టాంపు?) అంటారు. భాష ఏదైనా లోపల ఉండే అనుమానం మాత్రం ఒకటే: పక్క రాష్ట్రానికి వెళ్లేది కదా, ఎక్కువ అంటించాలేమో అని. సైకిల్ మీద వెళ్లొచ్చేంత దూరంలో పాతపట్నం ఉంది, అది ఆంధ్రా. ఆరు గంటలు ప్రయాణం చేస్తే గానీ రాని భువనేశ్వర్ మన రాష్ట్రమే. అందుకే పాతపట్నం ఉత్తరానికి పది రూపాయలు, భువనేశ్వర్ ఉత్తరానికి ఐదు రూపాయలు అంటించే మహానుభావుల్ని చాలామందిని చూశాను.

మామూలు ఉత్తరానికి రాష్ట్రంతో పని లేదు, దూరంతోనూ పని లేదు. పాతపట్నమైనా, ఢిల్లీ అయినా, అండమాన్ అయినా 20 గ్రాముల వరకు 5 రూపాయలు, ఆపైన ప్రతి 20 గ్రాములకీ (అందులో ఒక గ్రామున్నా సరే) ఇంకో 5. చూడాల్సింది బరువు ఒక్కటే. దూరం లెక్కలోకి వచ్చేది స్పీడ్ పోస్టులో, అక్కడ కూడా 50 గ్రాములు దాటాకే. ఈ సంగతి చెబితే సగం మంది నమ్మరు, నేను ఐదు రూపాయలు మిగిల్చుకోవడానికి చెబుతున్నాననుకుంటారు. స్టాంపుల మీద నాకేం వస్తుంది బాబూ!

ఇదంతా నేను తెలివిగా పుట్టి నేర్చుకున్నది కాదు. కొన్నేళ్ల కిందట మా మేనకోడలు ఒక ఆఫీసుకి అప్లికేషన్ పంపాలంటే, మావయ్యని కదా, షాపు నాదే కదా అని పెద్ద బ్రౌన్ కవరు తీసి, సర్టిఫికెట్ల జిరాక్సులు మడత పడకుండా పెట్టి, అలవాటుగా ఒక్క ఐదు రూపాయల స్టాంపు అంటించి డబ్బాలో పడేశాను. మూడు వారాల తర్వాత ఆ కవరు మా ఇంటికే తిరిగొచ్చింది. అక్కడ తక్కువ పడిన స్టాంపుకి డబ్బు కట్టి తీసుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదట. ఆఖరు తేదీ అప్పటికే దాటిపోయింది. ఆ పిల్ల నన్ను ఏమీ అనలేదు గానీ మా అక్క మాత్రం పండక్కి వచ్చినప్పుడల్లా గుర్తుచేస్తుంది. అప్పటినుంచి షాపులో చిన్న కాటా పెట్టుకున్నాను.

కాటా లేనివాళ్లకి ఒక లెక్క చెబుతాను, గుర్తుపెట్టుకుంటే చాలు. మామూలు ఎ4 కాగితం, జిరాక్సుకి వాడే 80 జీఎస్ఎం రకం, ఒక్కోటి దాదాపు 5 గ్రాములు. చిన్న తెల్ల కవరు కూడా సుమారు అంతే. అంటే కవరూ మూడు కాగితాలూ కలిపితే సరిగ్గా 20 గ్రాముల అంచున కూర్చుంటాయి, ఒక పిన్ను కొట్టినా, చివర జిగురు కాస్త ఎక్కువ పూసినా దాటేస్తుంది. అందుకని ఐదు రూపాయల స్టాంపుతో రెండు కాగితాల వరకే ధైర్యంగా పంపండి. మూడో కాగితం ఉంటే పది అంటించండి. పెద్ద బ్రౌన్ కవరు సంగతి వేరు, ఆ కవరే ఖాళీగా పదిహేను నుంచి ఇరవై గ్రాములు ఉంటుంది, లోపల ఒక్క కాగితం పెట్టినా ఐదు రూపాయల గీత దాటిపోయినట్టే. మా మేనకోడలి కవరులో ఎనిమిది కాగితాలున్నాయి. ఇప్పుడు లెక్కేస్తే కనీసం పదిహేను రూపాయలు అంటించాలి, నేను ఐదు అంటించాను. మడత పడితే ఏం కొంప మునిగేది కాదు, చిన్న కవరులో మడిచి పెట్టి ఉంటే పదో పదిహేనో గ్రాములు తగ్గేది కూడా.

తక్కువ అంటిస్తే ఏమవుతుందంటే, దాన్ని మన పెద్దలు బేరింగు ఉత్తరం అనేవారు. సిరోంచలో ఉండే మా బావగారు చెబుతుంటారు, అక్కడ (అది మహారాష్ట్ర, గోదావరి దాటితే కాళేశ్వరం) హిందీ మాట్లాడేవాళ్లు అదే మాటని బైరంగ్ అంటారట, ఇంగ్లీషు బేరింగే తిరిగి తిరిగి అలా అయింది. తక్కువ పడినదానికి రెట్టింపు, అందుకునేవాడి దగ్గర వసూలు చేయడం దాని పద్ధతి. అంటే ఐదు తక్కువైతే పది. బంధువులైతే నవ్వుకుని కడతారు. ఆఫీసువాళ్లు కట్టరు, వాళ్ల దగ్గర దానికి పద్దు ఉండదు. కాబట్టి బంధువుకి రాసే ఉత్తరంలో గ్రాము అటూ ఇటూ అయినా పరవాలేదు, ఆఫీసుకి వెళ్లేదానికి మాత్రం అనుమానం ఉంటే ఇంకో ఐదు అంటించేయండి. ఎక్కువ అంటించినందుకు ఎవరూ వెనక్కి పంపరు.

ఇంతకంటే చవక కావాలంటే కార్డు ఉంది, ఇన్‌లాండ్ లెటర్ ఉంది. పోస్టు కార్డు 50 పైసలు, ఇన్‌లాండ్ రెండున్నర రూపాయలు. రెండిటి మీదా స్టాంపు ముద్ర ముందే ఉంటుంది, అంటించే పని లేదు. కార్డు చేత్తో రాసుకోవడానికి, దాని మీద ప్రెస్సులో అచ్చు వేయించి పంపితే అది ప్రింటెడ్ కార్డు కింద వస్తుంది, దాని రేటు 6 రూపాయలు. ఇది తెలియక ఒకాయన గృహప్రవేశం పిలుపు రెండు వందల కార్డుల మీద స్క్రీన్ ప్రింటింగ్ చేయించి తెచ్చారు, అర్ధ రూపాయికి ఊరంతా పిలవొచ్చని. ఆరు రూపాయల దాని కంటే ఐదు రూపాయల కవరే చవక అని చెప్పేసరికి ఆయన ముఖం చూడాలి. ఇన్‌లాండ్‌లో ఫోటో, కాగితం ముక్క లాంటివి పెట్టకూడదు, ఆ మాట దాని మీదే రాసి ఉంటుంది, ఎవరూ చదవరు.

ఇక ఏ స్టాంపు చెల్లుతుంది, ఏది చెల్లదు అనే గొడవ. నా షాపులో రోజుకొకసారైనా ఇది వస్తుంది, ఎందుకంటే నేను అమ్మేది రెవెన్యూ స్టాంపులు. రూపాయి రెవెన్యూ స్టాంపు చూడటానికి పోస్టు స్టాంపులాగే ఉంటుంది, పోస్టాఫీసులోనే దొరుకుతుంది, కానీ అది 5,000 రూపాయలు దాటిన డబ్బు ముట్టినట్టు రసీదు రాసిచ్చేటప్పుడు అంటించి, దాని మీదుగా సంతకం పెట్టేది. కవరు మీద ఐదు రెవెన్యూ స్టాంపులు అంటించినా పోస్టువాళ్ల లెక్కలో మీరు అంటించింది సున్నా. కోర్టు ఫీజు స్టాంపు కూడా అంతే, ఉత్తరానికి పనికిరాదు. తిరగేసి చేసే తప్పు ఇంకోటి ఉంది: సమాచార హక్కు దరఖాస్తుకి పది రూపాయల ఫీజు ఉంటుంది కదా, ఒడిశాలోనూ మహారాష్ట్రలోనూ రాష్ట్ర ఆఫీసులకి పెట్టే దరఖాస్తు మీద ఆ పది రూపాయలకి కోర్టు ఫీజు స్టాంపు అంటించవచ్చు, దాన్ని విని కొందరు పోస్టు స్టాంపులు రెండు అంటించి పంపుతారు. అది ఫీజు కింద చెల్లదు. దరఖాస్తు మీద కోర్టు ఫీజు స్టాంపు, బయట కవరు మీద పోస్టు స్టాంపు, రెండూ రెండు వేర్వేరు డబ్బులు.

సర్వీస్ అని రాసి ఉండే స్టాంపులు ప్రభుత్వ ఆఫీసులవి. రిటైరైన పెద్దాయనల బీరువాల్లో ఇప్పటికీ కొన్ని కనబడుతుంటాయి, సొంత ఉత్తరానికి వాడకండి. పెద్ద సైజులో రంగురంగుల బొమ్మతో ఎవరిదో జయంతికో, ఏదో సంస్థ వందేళ్లకో వచ్చే స్మారక స్టాంపులు మాత్రం నిక్షేపంగా చెల్లుతాయి, దాని మీద 5 అని ఉంటే అది ఐదే. ఫోటో ఇచ్చి మన బొమ్మ వేయించుకునే మై స్టాంపు కూడా చెల్లుతుంది. డ్రాయర్లో పడి ఉన్న పాత రూపాయి, రెండు రూపాయల స్టాంపులు ముద్ర పడకుండా, చిరగకుండా ఉంటే కలిపి లెక్క సరిచేసి వాడుకోవచ్చు. మన బరంపురంలో పుట్టిన వి.వి.గిరి గారు రాష్ట్రపతిగా దిగిపోయిన ఏడాది, 1974లో, ఆయన బొమ్మతో పావలా స్టాంపు వచ్చింది. మా నాన్న దగ్గర వాడనివి ఒకటో రెండో ఉన్నాయి. ఇరవై పోగేస్తే ఈరోజుకీ ఒక ఉత్తరం పోతుంది, కానీ అలాంటివి అంటించి పాడుచేసేవాడిని నేనైతే క్షమించను.

ఇప్పుడు అసలు పెద్ద ఎంపిక. మామూలుగా వేయాలా, స్పీడ్ పోస్టా? ఒకప్పుడు మధ్యలో రిజిస్టర్ పోస్టు ఉండేది, చవకగా ఉండేది, 17 రూపాయల రిజిస్ట్రేషన్ ఫీజు, 5 రూపాయల ఉత్తరం ఖర్చు, అందినట్టు సంతకం చేసిన కార్డు వెనక్కి రావాలంటే ఇంకో 3, మొత్తం పాతికతో పని అయిపోయేది. 2025 సెప్టెంబరు 1 నుంచి దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారు. వాట్సాప్‌లో మాత్రం ఇది "రిజిస్టర్ పోస్టు ఎత్తేశారు" అని మొదలై "పోస్టు డబ్బాలు కూడా ఎత్తేస్తున్నారు" దాకా వెళ్లింది. రెండోది శుద్ధ అబద్ధం. డబ్బాలు ఉన్నాయి, స్టాంపు అంటించి వేసే మామూలు ఉత్తరమూ ఉంది. మొదటిది సగం నిజం: రిజిస్ట్రేషన్ అనే సదుపాయం బతికే ఉంది, కాకపోతే ఇప్పుడు అది స్పీడ్ పోస్టు మీద అదనంగా 5 రూపాయలు కట్టి తీసుకునేది.

స్పీడ్ పోస్టు రేట్లు 2025 అక్టోబరు 1న మారాయి. 50 గ్రాముల వరకు ఊళ్లోనే అయితే 19 రూపాయలు, ఊరు దాటితే దేశంలో ఎక్కడికైనా 47. దీనిపైన 18 శాతం జీఎస్టీ, అంటే 47 కాస్తా 55 రూపాయల 46 పైసలు అవుతుంది. రిజిస్ట్రేషన్ కూడా పెడితే 61 దాటుతుంది. పాతికెక్కడ, అరవై ఒకటెక్కడ! వడ్డీ వ్యాపారి నోటీసుకి జవాబు పంపుకోవాల్సిన రైతుకి ఇది తేడానే, కాదనను. 51 నుంచి 250 గ్రాముల మధ్య దూరం లెక్కలోకి వస్తుంది: 200 కిలోమీటర్ల లోపు 59, 500 లోపు 63, వెయ్యి లోపు 68, 2,000 లోపు 72, ఆపైన 77, అన్నిటికీ జీఎస్టీ అదనం. ఇక్కడ మన సరిహద్దు ఊళ్లవాళ్లకి ఒక చిన్న అన్యాయం ఉంది. లోకల్ రేటు ఒకే ఊరి పరిధికి. పర్లాకిమిడి నుంచి పాతపట్నం ఎంత దగ్గరైనా అది లోకల్ కాదు, 47 కట్టాల్సిందే. అదే డబ్బుతో ఉత్తరం కన్యాకుమారి కూడా వెళ్తుంది. పాతపట్నానికి స్పీడ్ పోస్టు చేసే ముందు ఆటో ఎక్కి ఇచ్చి రావడం గురించి ఒకసారి ఆలోచించండి, మధ్యాహ్నానికి తిరిగొచ్చేస్తారు.

ఈ రేట్లలో డబ్బు మిగిలే చోటు ఆ 50 గ్రాముల గీత దగ్గరే. పెద్ద బ్రౌన్ కవరులో ఆరు కాగితాలు పెడితే దాదాపు 47 గ్రాములు, గీతకి ఇవతలే. ఏడోది పెట్టారా, 52, దాంతో 47 రూపాయలది 59 అయి కూర్చుంటుంది, హైదరాబాద్‌కైతే 68. కాగితాలు రెండువైపులా జిరాక్సు తీయించుకుంటే సగం బరువు తగ్గుతుంది, నా వ్యాపారానికి నష్టం లేదు, నేను తీసుకునేది ఒక్కో వైపుకి ఇంత అనే కదా. లేదా మడిచి చిన్న కవరులో పెట్టండి, ఎనిమిది కాగితాల వరకు 50 లోపే వస్తుంది. విద్యార్థులకి స్పీడ్ పోస్టులో 10 శాతం తగ్గింపు కూడా పెట్టారు, అది మనం అడిగితే గానీ ఎవరూ గుర్తుచేయరు. 500 గ్రాములు దాటినదాన్ని ఉత్తరంలా కాదు, పార్శిల్‌లా చూస్తారు, అక్కడి లెక్క వేరు.

స్పీడ్ పోస్టుకి ముందే స్టాంపులు అంటించుకుని రానక్కర్లేదు. కౌంటర్లో తూచి, డబ్బు తీసుకుని, బార్‌కోడ్ ఉన్న కాగితం అంటించి రసీదు ఇస్తారు. స్టాంపులు అంటించేసి తెచ్చి ఎర్ర డబ్బాలో వేసి పైన "స్పీడ్ పోస్ట్" అని పెన్నుతో రాసేవాళ్లున్నారు, అది మామూలు ఉత్తరంగానే పోతుంది, రాసినంత మాత్రాన పరిగెత్తదు.

మరి రిజిస్ట్రేషన్ ఎప్పుడు పెట్టాలి? స్పీడ్ పోస్టు అడ్రసుకి వెళ్తుంది, ఆ ఇంట్లో ఎవరున్నా సంతకం పెట్టి తీసుకోవచ్చు, తమ్ముడో, పనిమనిషో. రిజిస్ట్రేషన్ పెడితే ఎవరి పేరు రాశామో ఆ మనిషికే, లేకపోతే ఆయన రాసిచ్చిన మనిషికే ఇస్తారు. తేడా అంతా ఇదే, దీని విలువ మీ ఉత్తరం ఏంటన్నదాన్ని బట్టి. పొలం పంచాయితీలో లాయరు పంపించే నోటీసు, అద్దె ఇల్లు ఖాళీ చేయమన్న ఉత్తరం, ఉద్యోగానికి రాజీనామా ఇలాంటివాటిలో రేపు అవతలివాడు "నాకు అందలేదు, మా మరదలు తీసుకుంది" అని తప్పించుకునే అవకాశం ఉంటుంది, అక్కడ ఐదు రూపాయలకి వెనకాడకండి. ఓటీపీ చెబితేనే ఇచ్చే పద్ధతి ఇంకోటి ఉంది, దానికీ 5 రూపాయలే, అది ఏటీఎం కార్డు, ఒరిజినల్ సర్టిఫికెట్ లాంటివాటికి బాగుంటుంది, కానీ అందుకునేవాళ్లు ఫోను సిగ్నల్ ఉన్న చోట ఉండాలి. మా జిల్లా కొండ మీది ఊళ్లకి పంపేటప్పుడు ఓటీపీ పెట్టి పోస్టుమాన్‌ని చెట్టెక్కించకండి. పరీక్ష ఫీజు రసీదు, ఉద్యోగం అప్లికేషన్ లాంటివి ఆఫీసుకి వెళ్లేవి, అక్కడ తీసుకునేది ఎలాగూ ఇన్‌వర్డ్ గుమస్తానే, ఉత్త స్పీడ్ పోస్టు చాలు. అందినట్టు ట్రాకింగ్‌లో చూపించిన రోజే ఆ పేజీని ఫోటో తీసుకుని దాచుకోండి, ఎల్లకాలం అక్కడే ఉంటుందనుకోకండి. నోటిఫికేషన్‌లో "సొంత అడ్రసు రాసి తగిన స్టాంపులు అంటించిన కవరు జతచేయాలి" అని ఉంటే ఆ లోపలి కవరుకీ బరువు లెక్క చూడండి, వాళ్లు అందులో మీకు పంపేది హాల్ టికెట్టా, పుస్తకమా అన్నది ఊహించి మరీ అంటించాలి.

పెళ్లి శుభలేఖలకి స్పీడ్ పోస్టు దండగ. వంద కార్డులు స్పీడ్ పోస్టులో పంపితే ఐదున్నర వేలు దాటుతుంది, అదే మామూలుగా పది రూపాయల చొప్పున అంటిస్తే వెయ్యి. కవరు నోరు తెరిచి ఉంచి, పైన "బుక్ పోస్టు" అని రాసి తక్కువ స్టాంపుతో పంపే అలవాటు మన పెద్దవాళ్లది, ఇప్పుడు దాని మీద ఆశ పెట్టుకోకుండా ఉత్తరం రేటే అంటించండి, ఏ పెళ్లి కార్డూ బేరింగు పడి పెళ్లయ్యాక చేరకూడదు. ఈ రోజుల్లో కార్డులు మందంగా, వెల్వెట్ అంచుతో, లోపల చిన్న వినాయకుడి బొమ్మతో వస్తున్నాయి కదా, అచ్చు వేయించే ముందే శాంపిల్ ఒకటి కంసాలి కొట్టులో తూయించండి. 38 గ్రాములున్న కార్డుకి పది, 42 ఉన్నదానికి పదిహేను. ఆ నాలుగు గ్రాములు వందమందికి ఐదు వందల రూపాయలు. రాఖీ కూడా అంతే, దారం ఒక్కటే అయితే ఐదు, రాళ్లూ పూసలూ ఉన్న రాఖీ అయితే పది అంటించి, పండక్కి పది రోజుల ముందే డబ్బాలో పడేయండి. ఆలస్యమైతే అప్పుడు స్పీడ్ పోస్టు, తప్పదు. రాఖీ కవరులో వంద నోటు పెట్టే చెల్లెళ్లు, అక్షింతలతో పాటు నూట పదహార్లు పెట్టే బాబాయిలు ఆ పని మానండి. ఇన్షూర్ చేసిన పోస్టులో తప్ప నోట్లు పంపకూడదు, మామూలు కవరులో పెట్టినది పోతే అడిగే హక్కు కూడా ఉండదు.

పుస్తకాలు పంపేవాళ్లకి ఇంకో దారి ఉంది. రిజిస్టర్డ్ బుక్ పోస్టుని 2024 డిసెంబరులో తీసేసినప్పుడు చిన్న ప్రచురణకర్తలు లబోదిబోమన్నారు, తర్వాత 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని కొత్తది పెట్టారు. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల వరకు 100, పన్ను అదనం. ట్రాకింగ్ ఉంటుంది. రోడ్డు, రైలు మార్గంలోనే వెళ్తుంది కాబట్టి తొందర పనికి కాదు. అచ్చువేసినవారి పేరో ప్రచురణకర్త పేరో ఉన్న చదువు, సంస్కృతి, మతం లాంటి పుస్తకాలకే ఇది, వ్యాపార ప్రకటనల కరపత్రాలకి కాదు, పత్రికలకీ కాదు. విజయవాడ నుంచి తెలుగు పుస్తకాలు తెప్పించుకునే మన ఒడిశా తెలుగువాళ్లకి ఇది బాగా పనికొచ్చేది, పంపేవాళ్లని పేరు పెట్టి జ్ఞాన్ పోస్టులో పంపమనండి, లేకపోతే వాళ్లు కొరియర్‌కి వందా నూటయాభై వేసేస్తారు. అంధుల కోసం బ్రెయిలీలో ఉన్నవాటికైతే 7 కిలోల దాకా మామూలు మార్గంలో స్టాంపే అక్కర్లేదు.

స్టాంపు సరిగ్గా అంటించినా ఉత్తరం తిరిగి తిరిగి రావడానికి మన ప్రాంతంలో ఇంకో కారణం ఉంది, అడ్రసు. మీరు మొత్తం తెలుగులో రాసి ఇక్కడ డబ్బాలో వేస్తే దాన్ని మొదట విడదీసేది ఒడిశాలో, ఆ చేతులకి తెలుగు రావాలని లేదు. ఒడియాలో రాసి హైదరాబాద్ పంపినా అదే గతి. పేరు, వీధి తెలుగులో రాసుకోండి, ఊరు, జిల్లా, రాష్ట్రం మాత్రం ఇంగ్లీషులో కూడా రాయండి, పిన్‌కోడ్ ఆరు అంకెలూ విడివిడిగా కనబడేలా రాయండి. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ పెట్టిందే ఇలాంటి భాషల గందరగోళం కోసం. మొదటి అంకె 7 అయితే ఒడిశా వైపు, 5 అయితే ఆంధ్ర, తెలంగాణ వైపు, 4 అయితే మహారాష్ట్ర వైపు. పర్లాకిమిడి 761200, పక్కనే శ్రీకాకుళం జిల్లా ఊళ్లు 532తో మొదలవుతాయి. ఇక్కడి చుట్టాలకి 532 అని రాసేసే విశాఖపట్నం వాళ్లు ఎందరో, వాళ్ల లెక్కలో మనమింకా మద్రాసు ప్రెసిడెన్సీ గంజాం జిల్లాలోనే ఉన్నాం. 1936లో విడిపోయాం నాయనా.

స్టాంపు కవరు కుడివైపు పైమూల, అడ్రసు ఉన్న వైపే అంటించండి. మూడు నాలుగు ఉంటే పక్కపక్కన, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా. పైన సెల్లో టేపు వేయకండి, దాని మీద ముద్ర నిలవదు, కౌంటర్లో ఒప్పుకోకపోవచ్చు. వానాకాలంలో మా వైపు గాలిలో తడికి స్టాంపుల షీటు మొత్తం ఒకదానికొకటి అంటుకుపోతుంది, మైనపు కాగితం మధ్యలో పెట్టి పుస్తకంలో దాచుకోండి. ఇంట్లో ఐదు రూపాయలవి పది, రూపాయివి నాలుగు ఉంటే ఏడాది గడిచిపోతుంది. పది రూపాయల స్టాంపులు కొనకండి, రెండు ఐదులు అదే పని చేస్తాయి, ఒకటి కావాల్సిన రోజున ఒకటే వాడుకోవచ్చు.

పల్లెల్లో ఉండేవాళ్లు స్పీడ్ పోస్టు కోసం పర్లాకిమిడి దాకా బస్సెక్కాల్సిన పని లేదు. బ్రాంచి పోస్టాఫీసులో కూడా బుక్ చేస్తారు, కాకపోతే అది రోజంతా తెరిచి ఉండదు, పైగా సంచీ కట్టేసి పంపించే వేళ ఒకటి ఉంటుంది. అది దాటాక ఇచ్చింది మర్నాడే కదులుతుంది. ఆ వేళ ఎప్పుడో బ్రాంచి పోస్టుమాస్టరు గారినే అడిగి తెలుసుకోండి, సోమవారం ఆఖరు తేదీ అనుకున్న అప్లికేషన్‌ని శనివారం సాయంత్రం పట్టుకుని నా షాపు ముందు నిలబడితే నేను మాత్రం ఏం చేస్తాను.